ఎర్రమట్టి మీద ఇరవై మూడు గోరీలు: పని డైరీ

విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలో, సముద్రానికి కిలోమీటరు లోపు, ఎర్రమట్టి మెరక మీద ఉన్న చిన్న సమాధుల తోట ఇది. 38 మీటర్ల పొడవు, 24 మీటర్ల వెడల్పు. ఈస్టిండియా కంపెనీ కాలపు సైనికుల గోరీలు. వాటిని శుభ్రం చేసి, రాతలు చదివి, బాగుచేసిన పని డైరీ ఇది. ఊరి పేరు కావాలనే రాయడం లేదు. నున్నటి రాతి పలక ఒకటి ఊరవతల పడి ఉందని తెలిస్తే అది బట్టలుతికే బండగానో అరుగు మెట్టుగానో మారడానికి ఎక్కువ రోజులు పట్టదు. ఇక్కడ నాలుగు దిమ్మెలు ఇప్పటికే అలా బోడిగా మిగిలాయి.

పని మొదలుకాకముందు

కాగితాలు ముందు చూసుకోవాలి. స్థలం చర్చి పేరున ఉంది. చర్చి కమిటీ ఉత్తరం, పంచాయతీ ఉత్తరం రెండూ తీసుకున్నాం. ఇలాంటి పని తలపెట్టేవాళ్లు ఆ చోటు పురావస్తు శాఖ రక్షిత కట్టడాల జాబితాలో ఉందేమో ముందే చూసుకోవాలి. కేంద్ర జాబితాలో ఉంటే 1958 చట్టం వర్తిస్తుంది, చుట్టూ 100 మీటర్ల దాకా నిషిద్ధ ప్రాంతం, ఆ పైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అక్కడ చీపురు పట్టాలన్నా అడిగే పట్టాలి.

ఇంకొకటి. కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ పెట్టిన రాయి కనిపిస్తే దాన్ని ముట్టుకోకుండా ఆ సంస్థకు కబురు చేయాలి. గుర్తుపట్టడం తేలిక: 813 మిల్లీమీటర్ల ఎత్తు, 381 వెడల్పు, 76 మందం, పైన కొద్దిగా వంపు, సిపాయికైనా జనరల్‌కైనా అదే కొలత. ఈ తోటలో అలాంటివి లేవు. రెండో ప్రపంచ యుద్ధపు గోరీల్లో, చిన్న ఊళ్లలో ఎవరూ చూసుకోలేరనుకున్నవాటిని దక్షిణ, తూర్పు భారతం నుంచి తరలించి మద్రాసు నందంబాకంలోని యుద్ధ శ్మశానానికి చేర్చారు. అందుకే ఓ పాత తోటలో వరుస మధ్యన రాయి లేని గుంటలు సమాన దూరంలో కనిపిస్తే అవన్నీ దొంగతనాలని తీర్మానించకూడదు. ఇక్కడ అలాంటి గుంటలు మూడున్నాయి. పూడ్చలేదు, కాగితం మీద గీసిన తోట నకలులో మాత్రం చుక్కల గీతతో వేశాం.

1, 2 రోజులు: లెక్క, నకలు

మొత్తం 23. ఇటుక, గచ్చు దిమ్మె మీద పలక పరిచిన రకం 12, వాటిలో పలక మిగిలినవి 8. నిలువు పాలరాతి పలకలు 6. ఇటుకతో కట్టి పూత పూసిన సూదికొన స్తంభం 1, ఎత్తు 3.4 మీటర్లు. రాతలేమీ లేని మట్టి దిబ్బలు 4.

ఫోను జీపీయస్ నాలుగైదు మీటర్లు అటూఇటూ చూపిస్తుంది; రెండు గోరీల మధ్య దూరం అంతకన్నా తక్కువ. అందుకని గేటు స్తంభం, పాత నుయ్యి గిలక దిమ్మె, ఈ రెంటి నుంచి టేపు పట్టి ప్రతి గోరీ నాలుగు మూలలకూ కొలతలు తీశాం. కాగితం మీద కంపాస్‌తో రెండు వృత్తభాగాలు గీస్తే అవి కలిసిన చోటే మూల. టేపు 30 మీటర్లది, ఫైబర్ది. గాలికి మధ్యలో ఊగితే పది సెంటీమీటర్ల తేడా వస్తుంది, కాబట్టి మధ్యలో ఓ మనిషి పట్టుకోవాలి.

దిక్సూచి తప్పక వాడాలి. క్రైస్తవ గోరీల్లో తల పడమర, కాళ్లు తూర్పు. మన దేశంలో ముస్లిం గోరీలు ఉత్తర దక్షిణాలుగా ఉంటాయి, ముఖం పడమరకు. రాతలేని నాలుగు దిబ్బల్లో రెండు ఉత్తర దక్షిణాలుగా ఉన్నాయి. హిందూ సిపాయిలు చితికి వెళ్లినవాళ్లు, రాయి మిగలదు. ఉత్తరాదిలో సిపాయినే ‘తిలంగా’ అని పిలిచేంతగా తెలుగు నేల నుంచి జనం కంపెనీ పటాలాల్లో చేరారు. వాళ్ల ఆనవాలు ఇలాంటి తోటలో వెతికితే దొరకదు.

3 నుంచి 6 రోజులు: తుప్పలు

సర్కారు తుమ్మ, లంటానా, వాటి మీద అల్లుకున్న తీగలు. పాముల భయం నిజమైనదే. ముందు కర్రతో నేల తట్టుకుంటూ వెళ్లడం, మోకాళ్ల దాకా బూట్లు, చేతులకు తోలు తొడుగులు. నిప్పు పెడితే ఒక్క పూటలో అయిపోతుందని ఊళ్లో చాలామంది సలహా ఇచ్చారు. వద్దు. మంట వేడికి పాలరాయి లోపలి గింజలు విడిపోయి చక్కెర పలుకుల్లా రాలిపోతుంది, ఇటుక దిమ్మె మీది గచ్చు పొక్కి ఊడుతుంది.

రావి, మర్రి మొక్కలు ఐదు దిమ్మెల్లో వేళ్లు దించాయి. చిన్నదే కదా అని పీకితే వేరుతో పాటు ఇటుకలు కూడా వస్తాయి. దిమ్మెకు ఐదు సెంటీమీటర్ల పైన రంపంతో కోసి, కోసిన పది నిమిషాల లోపే తుప్పల మందు బ్రష్‌తో కోత మీద మాత్రమే పూయాలి. ఆలస్యమైతే పాలు గట్టిపడి మందు లోపలికి దిగదు. మందు పని లైసెన్సు ఉన్న పెస్ట్ కంట్రోల్ మనిషి చేతే చేయించాం. మోడు పూర్తిగా ఎండడానికి రెండు మూడు నెలలు. అప్పుడు వేరు దానంతట అదే వదులవుతుంది. ఆ సందులో గచ్చు కూరాలి. ఐదింటిలో ఒకటి మళ్లీ చిగురేసింది, రెండోసారి కోశాం.

7 నుంచి 13 రోజులు: కడగడం

ఎక్కువ నష్టం జరిగేది ఈ పనిలోనే, అదీ మంచి ఉద్దేశంతో. బాత్రూం కడిగే యాసిడ్, బ్లీచింగ్, ఇనుప తీగల బ్రష్, బండ్లు కడిగే ప్రెషర్ పంపు: నాలుగూ తోటలోకి రాకూడదు. పాలరాయి అంటే కాల్షియం కార్బొనేటే, యాసిడ్ తగలగానే నురగ కక్కుతూ కరుగుతుంది. మొదటి రోజు మెరుస్తుంది. పై పొర గరుకుగా మారి ఏడాదిలో మునుపటికన్నా నల్లగా పాచి పడుతుంది.

పలకల్లో ఐదు ఖొండలైటువి. తూర్పు కనుమల్లో, విశాఖ కొండల్లో ఎటు చూసినా ఇదే రాయి. ఖోండ్ల పేరు మీదే దానికా పేరు. పొరలు పొరలుగా ఉంటుంది, మధ్యలో ఎర్రటి గోమేదికపు గింజలు. వాన తిన్న ఖొండలైటులో ఆ గింజల చుట్టూ ఉన్న తెల్ల భాగం సుద్దలా మెత్తబడి ఉంటుంది. ఇనుప బ్రష్ ఒక్కసారి లాగితే గింజలు రాలి, అక్షరం అంచు పోతుంది. మిగతా మూడు గట్టి నల్లరాతివి, అవి అంత ఇబ్బంది పెట్టవు.

ముందు మునివేళ్లతో తట్టి చూడాలి. డొల్ల మోత వచ్చిన చోట సుద్దతో కాకుండా పేపర్ టేపుతో గుర్తు పెట్టి, ఆ భాగం వదిలేయాలి. తర్వాత కనపడని మూలలో 10 సెంటీమీటర్ల చదరం కడిగి, ఎండాక మర్నాడు చూడాలి. వేలికి పొడి అంటకపోతే మిగతాది మొదలుపెట్టవచ్చు.

రాయిని నీళ్లతో తడిపి పావుగంట ఆగాలి. మెత్తటి నైలాన్ బ్రష్‌తో కింది నుంచి పైకి రుద్దాలి. పైనుంచి మొదలుపెడితే మురికి నీళ్లు పొడి రాతి మీదికి జారి చారలు పడతాయి, ఆ చారలు మళ్లీ పోవు. ఆఖరున మాత్రం పైనుంచి కిందికి నీళ్లు వదలాలి. అక్షరాల గాడుల్లోకి వెదురు పుల్ల, చివర దువ్వెనలా చీల్చినది. ఒక నిలువు పలకకు 15 నుంచి 20 లీటర్లు, పరిచిన పెద్ద పలకకు 40 లీటర్ల పైమాటే.

నీళ్ల దగ్గర ఒక తప్పు జరిగింది. మొదటి రెండు పలకలు పక్కనున్న బోరు నీళ్లతో కడిగాం. ఎండాక తెల్లటి పొర తేలింది. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీయస్ మీటరు పెడితే 1,400 చూపించింది. ఉప్పు నీళ్లతో ఉప్పు తిన్న రాయిని కడిగినట్టయింది. అప్పటి నుంచి రుద్దడానికి ఊరి కుళాయి నీళ్లు, చివరి కడుగుకు 20 లీటర్ల టిన్నుల్లో వచ్చే ప్లాంటు నీళ్లు.

గుండ్రటి మచ్చల్లా పెరిగే రాతిపువ్వును పొడిగా గీకకూడదు, దాని వేళ్లు రాతి గింజల మధ్య ఉంటాయి. తడి గుడ్డ కప్పి, పైన ప్లాస్టిక్ కాగితం చుట్టి అరగంట ఉంచితే ఉబ్బి మెత్తబడుతుంది, చెక్క గరిటెతో వస్తుంది. రానిది ఉండనీయాలి. 9వ నంబరు గోరీ మీద మూడు మచ్చలు అలాగే వదిలేశాం.

సున్నపు పూతల సంగతి వేరు. నవంబరు 2న సమాధుల పండుగకు ఏటా ఎవరో ఓ భక్తుడు వెల్ల వేస్తూ వచ్చాడు. పాలరాతి పలకల మీద పొర మూడు మిల్లీమీటర్ల దాకా ఉంది. తడిపితే చెక్క గరిటెతో పెళ్లలుగా లేస్తుంది. అక్షరాల్లో నింపిన నల్ల ఎనామెల్ రంగు మాత్రం తీయలేదు. దాన్ని తీసే ద్రావకం రాతి రంధ్రాల్లోకి రంగును ఇంకా లోపలికి తోస్తుంది. పైగా ఆ రంగు వేసిన చేయి చాలాచోట్ల తప్పు చదివింది, ఆ తప్పులు ఇప్పుడు ఆ గోరీ చరిత్రలో భాగమైపోయాయి.

14 నుంచి 17 రోజులు: రాతలు చదవడం

రాత ఉండాల్సిన 15లో మొదట పూర్తిగా చదవగలిగినవి ఆరు, సగం తెలిసినవి ఐదు, ఏమీ తెలియనివి నాలుగు.

సుద్ద రుద్దడం, పిండి చల్లడం, బొగ్గుతో కాగితం మీద అచ్చు తీయడం వద్దు. పిండి బూజుకు మేత, సుద్ద గీతలు పెడుతుంది. వెలుగు ఒక్కటే చాలు. రాతి ముఖానికి దాదాపు సమాంతరంగా, పది పదిహేను డిగ్రీల వాలులో వెలుతురు పడితే పావు మిల్లీమీటరు గాడి కూడా నీడ వేస్తుంది. తూర్పు ముఖం పలకకు సూర్యుడు పక్కకు తిరిగి నెత్తి మీదికి రాబోయే పదకొండు ప్రాంతం బాగుంటుంది. నీడలో ఉన్నవాటికి ఒకటిన్నర అడుగుల అద్దం తెచ్చి ఎండను పక్కనుంచి మళ్లించాం. పరిచిన పలకలకు చీకటి పడ్డాక టార్చి నేల మీద పెట్టి చుట్టూ నాలుగు దిక్కుల నుంచి నాలుగు ఫొటోలు, కెమెరా స్టాండు కదపకుండా. ఒక దిక్కులో కనపడని గీత ఇంకో దిక్కులో కనిపిస్తుంది. త్రీడీ నకలు కోసం ఒక్కో పలకకు 40 నుంచి 60 ఫొటోలు, పక్క ఫొటోతో మూడింట రెండొంతులు కలిసేలా.

పాలరాతి పలకల్లో మూడింటికి సీసపు అక్షరాలు. ఊడిపోయాయి, గాడి కూడా సరిగ్గా లేదు. కానీ సీసాన్ని పట్టి ఉంచడానికి వేసిన చిన్న రంధ్రాలు మిగిలాయి. ఏ అక్షరానికి ఎన్ని రంధ్రాలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఊడని అక్షరాల నుంచి ఓ పట్టిక వేసుకుంటే ఊడినవి పట్టుకోవచ్చు. రెండు పలకలు అలాగే తేలాయి.

చదివేటప్పుడు తప్పులు వచ్చే చోట్లు. పద్దెనిమిదో శతాబ్దపు పలకల మీద పొడుగు ‘ఎస్’ అచ్చం ‘ఎఫ్’లా ఉంటుంది, అడ్డగీత ఒక పక్కనే ఉంటుంది లేదా అసలుండదు. 1800 తర్వాత అది అరుదు, కాబట్టి సంవత్సరం పోయిన పలకకు కాలం అంచనా కట్టడానికీ పనికొస్తుంది. అంకెల్లో 1, 4, 7 ఒకదానికొకటి మారిపోతాయి. ‘ఎన్.ఐ.’ అంటే నేటివ్ ఇన్‌ఫాంట్రీ, అంటే దేశీ సిపాయిల కాల్బలం, పేరు వెనక ‘ఓబీటీ’ అంటే మరణించిన, ‘ఏఈటీ’ అంటే వయసు. రెజిమెంటు నంబరును సంవత్సరంతో కలిపే చదవాలి: మద్రాసు సైన్యాన్ని 1796లో ఒకసారి, 1824లో ఇంకోసారి పునర్వ్యవస్థీకరించి నంబర్లు మార్చారు. 1820 నాటి ‘20వ’ పటాలం, 1830 నాటి ‘20వ’ పటాలం ఒకటే అనుకుంటే మొత్తం చరిత్ర పక్కదారి పడుతుంది.

పోయిన వాక్యాలకు పాత అచ్చు జాబితాలు చూడాలి. మద్రాసు ప్రెసిడెన్సీలోని సమాధి రాతలను జె.జె. కాటన్ సేకరించి 1905లో అచ్చు వేశాడు. అప్పటికి రాళ్లు ఇప్పటికన్నా వందేళ్లకు పైగా కొత్తవి. అందులో ఉన్నది ఫలానా రాయేనని కొలతతోనూ మిగిలిన అక్షరాలతోనూ రుజువైతేనే నకలులో రాయాలి, అదీ వేరే రంగు సిరాతో. ఊహను రాతలో కలపకూడదు.

ఇక్కడి పలకల్లో చదవగలిగినవి చాలావరకు జ్వరాలకు పోయినవాళ్లవే, యుద్ధంలో కాదు. విశాఖలో సైనికుల చావు అనగానే గుర్తొచ్చేది 1780 అక్టోబరు 3: హైదర్ అలీ మీదికి మద్రాసుకు ఓడెక్కమంటే సిపాయిలు తిరగబడ్డ రోజు. ఆనాడు చనిపోయిన కంపెనీ మనుషుల స్మారక స్తంభం పాత ఊళ్లోని యూరోపియన్ శ్మశానంలో ఉంది. ఇక్కడి స్తంభం కూడా దానికి సంబంధించిందేనని ఊళ్లో ఓ మాట ఉంది. రాతలో ఆధారం లేదు, నకలులో ఎక్కించలేదు.

18 నుంచి 24 రోజులు: ఉప్పు

నిలువు పలకల అడుగున నేల నుంచి 30 సెంటీమీటర్ల దాకా రాయి పొడిబారి రాలుతోంది. సముద్రపు గాలి తెచ్చిన ఉప్పు రాతి రంధ్రాల్లో కరుగుతూ, ఎండినప్పుడల్లా పలుకు కడుతూ గింజల్ని విడగొడుతుంది. కాగితపు గుజ్జు వైద్యం చేశాం. రంగూ సిరా లేని తెల్ల టిష్యూ నానబెట్టి, డిస్టిల్డ్ వాటరుతో రుబ్బి, సెంటీమీటరున్నర మందాన పట్టు వేసి, తనంతట తాను ఆరే దాకా వదలాలి. రాయి తడిసి, ఆ తడి బయటికి వస్తూ ఉప్పును గుజ్జులోకి తెస్తుంది. తడిగా ఉండగానే ఊడదీస్తే ఉప్పు రాయిలోనే ఉండిపోతుంది.

ఎండిన గుజ్జు 10 గ్రాములు 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటరులో నానబెట్టి టీడీయస్ చూశాం. 4వ నంబరుకు మొదటి పట్టు 610, రెండోది 340, మూడోది 190. నాలుగోదీ దాదాపు అంతే, ఆపేశాం. సముద్రం పక్కన సున్నా రాదు.

25 నుంచి 41 రోజులు: గచ్చు

దిమ్మెల సందుల్లో ఎప్పుడో ఎవరో సిమెంటు కొట్టారు. పాత ఇటుక మెత్తన, సిమెంటు గట్టి. తడి సిమెంటులోంచి పోలేక ఇటుకలోంచే పోతుంది, ఉప్పు అక్కడే పలుకు కడుతుంది. అందుకే సిమెంటు గీత చెక్కు చెదరకుండా నిలబడి, చుట్టూ ఇటుక తేనెపట్టులా తినిపోయి ఉంటుంది. వదులైన సిమెంటును సన్న ఉలితో చేత్తో తీశాం, గ్రైండరు పెట్టలేదు. ఇటుకను గట్టిగా పట్టిన ముక్కలు వదిలేశాం. తీస్తే ఇటుక ముఖం కూడా వస్తుంది.

రాతి సున్నం మూడు వారాలు గోతిలో నానింది. సున్నాన్ని నీళ్లలో వేయాలి, సున్నం మీద నీళ్లు పోయకూడదు. ఒక్కసారిగా ఉడికి చిమ్ముతుంది. కళ్లద్దాలు తప్పనిసరి. పాళ్లు: జల్లించిన సున్నం ముద్ద ఒకటి, ఇటుక పొడి ఒకటి, ఇసుక రెండు. సముద్రపు ఇసుక ముట్టుకోకూడదు. నది ఇసుక కూడా గాజు సీసాలో నీళ్లతో గిలకరించి చూడాలి, పైన తేరే ఒండ్రు పొర పదో వంతుకు చేరితే మళ్లీ కడగాలి. పది లీటర్ల నీళ్లలో పావు కిలో కరక్కాయ దంచి రెండు రోజులు నానబెట్టి, వడగట్టి, పావు కిలో బెల్లం కలిపాం. బెల్లం ఇంకాస్త పడితే గట్టిగా వస్తుందన్న మేస్త్రి మాట విని ఒక దిమ్మెకు రెట్టింపు వేశాం. గట్టితనం సంగతి అటుంచి చీమలు పట్టాయి, పూత నాలుగు రోజులైనా బిగియలేదు. గీకి మళ్లీ వేయాల్సి వచ్చింది.

పూత ఒక్కో పొర 10 మిల్లీమీటర్లు దాటకూడదు. పది రోజులు తడి గోనె కప్పి ఉంచాలి. ఈ పనికి డిసెంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం: అక్టోబరు, నవంబరులో తుపాను భయం, ఏప్రిల్ దాటితే ఎండకు పూత పగుళ్లిస్తుంది.

స్తంభానికి సముద్రం వైపు పూత డొల్ల. సున్నం తేటముద్ద, సన్నటి ఇటుక పొడి పలచగా కలిపి 50 మిల్లీలీటర్ల సిరంజీలతో ఎక్కించాం. ముందు ఉత్త నీళ్లు పంపితే దుమ్ము పోయి దారి ఏర్పడుతుంది. కింది రంధ్రం నుంచి మొదలుపెట్టాలి. ఒకచోట తొందరపడి నొక్కితే ముద్ద వెనక్కి తిరిగి పూత చేతివెడల్పున ఉబ్బింది. చెక్క పలక, గోనె అడ్డం పెట్టి తాడుతో రెండు రోజులు బిగించి ఉంచితే సర్దుకుంది.

42 నుంచి 47 రోజులు: ఎత్తడం, నిలబెట్టడం

పరిచిన పలక ఒకటి 1.8 మీటర్ల పొడవు, 0.9 వెడల్పు, 10 సెంటీమీటర్ల మందం. లెక్క కడితే 437 కిలోలు. ఎనిమిది మంది చేతులు వేస్తే లేస్తుంది. కానీ దించేటప్పుడు ఒకరి చేయి జారితే పలక రెండు ముక్కలు. మూడు కాళ్ల స్టాండు, ఒక టన్ను చెయిన్ బ్లాకు, 10 సెంటీమీటర్ల వెడల్పు నైలాన్ బెల్టులు రెండు వాడాం. గునపం కింద చెక్క లేకుండా అంచును తాకకూడదు.

విరిగిన రెండు పాలరాతి పలకల్లో పాత ఇనుప ఊచలు ఉన్నాయి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి లోపలి నుంచి రాయిని పగలగొట్టింది. వాటి స్థానంలో 316 రకం స్టెయిన్‌లెస్ ఊచలు, 8 మిల్లీమీటర్లవి. మామూలు 304 రకం ఈ గాలికి మచ్చలు తేలుతుంది.

ఒరిగిన నిలువు పలకను నిలబెట్టడానికి తలవైపు మాత్రమే, 45 సెంటీమీటర్లకు మించకుండా తవ్వాలి. ఎముక గానీ చెక్క గానీ కనపడితే ఆపి, మట్టి కప్పి, చర్చి వాళ్లకు చెప్పాలి. అడుగున 15 సెంటీమీటర్లు 20 ఎంఎం కంకర, పైన ఇసుక. కాంక్రీటు పోస్తే నీళ్లు పలక మొదట్లోనే నిలుస్తాయి.

48వ రోజు నుంచి: నీళ్లు

ఎర్రమట్టి దిబ్బల సంగతి ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు, ఒక గట్టి వానకు గాడి పడుతుంది, నాలుగు వానలకు అది వాగవుతుంది. ఎగువన, గోరీలకు మీటరున్నర దూరంలో 30 సెంటీమీటర్ల లోతు కందకం తవ్వి కంకర నింపాం. దాని అంచున 9 మీటర్ల పొడవున 15 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున 60 వట్టివేరు పిలకలు. నిలువు పలకల చుట్టూ 30 సెంటీమీటర్ల వెడల్పున కంకర పరిచాక, చినుకులు ఎర్రమట్టిని రాతి మీదికి చిమ్మడం చాలావరకు తగ్గింది.

ప్రస్తుత లెక్క: 15లో ఒక్కటి తప్ప మిగతావన్నీ పూర్తిగానో సగమో చదివాం. మిగిలిన ఆ ఒక్కటి 14వ నంబరు. ఖొండలైటు పలక, పొర వెంట చీలి, రాత వైపు కిందికి బోర్లా పడి ఉంది. ఓ అంచు మీదుగా వేప వేరు ఒకటి మణికట్టు మందాన పాకింది. ఇప్పుడు ఎత్తితే రాసిన పొరే నేలకు అంటుకుని మిగిలిపోవచ్చు. వేరును అంగుళం అంగుళంగా కోసి, పలక కిందికి పక్కనుంచి ప్లైవుడ్ జొప్పించి రెండూ కలిపి తిప్పాలి. వాన తడి పూర్తిగా ఆరాక, వచ్చే జనవరిలో. అందాకా పైన తాటాకు పందిరి.